ఆ సబ్జెక్టు చదివితే పోలీసులు ఇంటికొస్తారా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. అమ్మాయి బీఏ ఫైనలియర్. ఎంఏ సోషియాలజీలో చేరి టెర్రరిజం, రాజకీయ హింస ఎందుకు పుడతాయో చదువుతానంటోంది. రేపు పోలీస్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది రాదా? అసలు ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి

జవాబు: జగిత్యాల వాళ్లు ఆ మాటకు ఉలిక్కిపడటంలో వింతేం లేదు. 1978లో దొరల పెత్తనానికి ఎదురుతిరిగిన రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసులకు ప్రత్యేక అధికారాలిచ్చారు. నిజానికి అమ్మాయి చదవాలనుకుంటున్నది మీ ఊరి కథే.

వెట్టి, దొరల పెత్తనం తెలంగాణలో చాలాచోట్ల ఉండేవి. మరి నిప్పు అక్కడే ఎందుకు రాజుకుంది? పేదరికమే కారణమైతే పేద జిల్లాలన్నీ అంటుకోవాలి కదా. మనకు దక్కాల్సిందనుకున్న దానికీ దక్కుతున్న దానికీ మధ్య ఎడం పెరిగితే కోపం పుడుతుందని 1970లో అమెరికన్ పండితుడు టెడ్ గర్ అన్నాడు. కోపం ఎక్కడైనా ఉంటుంది, దాన్ని కూడగట్టే మనుషులు, సంఘాలు ఉన్నాయా లేదా చూడమన్నాడు మరో అమెరికన్ పండితుడు చార్లెస్ టిల్లీ. నాకు ఈ రెండో మాటే నచ్చుతుంది. ‘గ్రామాలకు తరలండి’ అంటూ పల్లెలకొచ్చిన విద్యార్థులు, దొర ఇంటికి చాకలి, మంగలి పనులు బంద్ చేయించిన సంఘాలు గుర్తున్నాయి కదా!

వెరిఫికేషన్‌లో చూసేది కేసులున్నాయా అని, ఏం చదివారని కాదు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మూడో పేపర్ సిలబస్‌లోనే అభివృద్ధికీ తీవ్రవాద వ్యాప్తికీ ఉన్న సంబంధం ఉంది. అయితే పరిశోధన పేరుతో నిషేధిత సంస్థల గ్రూపుల్లో దూరడం, గైడ్‌కు చెప్పకుండా ఒంటరిగా ఫీల్డ్‌కు వెళ్లడం మాత్రం వద్దు.

‘టెర్రరిజం నిపుణులు కావలెను’ అనే ప్రకటన నా సర్వీసులో నేనైతే చూడలేదు. కాబట్టి దారి సోషియాలజీ మీదుగానే. సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ప్రయత్నించవచ్చు. తర్వాత నెట్ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు. సివిల్స్‌లో ఇదే ఆప్షనల్ తీసుకుంటే 500 మార్కులు. స్టాటిస్టిక్స్ తప్పకుండా నేర్చుకోమనండి. అది రాని సోషియాలజీ పట్టాలు నా టేబుల్ మీదికి చాలానే వస్తుంటాయి.

అడ్మిషన్‌కు ముందు ఒక పని చేయండి. 1978 నాటి సంగతులు చూసిన పెద్దమనిషి మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, అమ్మాయిని నోట్‌బుక్‌తో ఆయన అరుగు మీద రెండు గంటలు కూర్చోమనండి. మర్నాడు కూడా వెళ్తానంటే ఫీజు కట్టేయండి.