ఉదయపు వెలుతురులో కాసేపు నడిస్తే మనసు నిజంగా తేలికపడుతుందా?

అవును, నిద్ర లేచిన గంటలోపు 20 నుంచి 30 నిమిషాలు ఆరుబయట నడవడం చాలామందికి రాత్రి నిద్రను, తద్వారా మరునాటి మనఃస్థితిని మెరుగుపరుస్తుంది. కంటిలోకి చేరే పగటి వెలుతురు మెదడులోని జీవ గడియారాన్ని సరిచేసి, నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ రాత్రి సకాలంలో విడుదలయ్యేలా చూస్తుంది. కంటినిండా నిద్రపోయిన మనిషికి చిరాకు తగ్గడం సహజమే. ఇంటి దీపాల వెలుగు సాధారణంగా 500 లక్సులు (వెలుతురు తీవ్రతను కొలిచే ప్రమాణం) దాటదు, ఆరుబయటి వెలుతురు మాత్రం మబ్బు పట్టిన పగలు కూడా తరచుగా 1,000 లక్సులు మించుతుంది. ఉదాహరణకు, సోఫాలో ఫోను చూస్తూ తాగే కాఫీని డాబా మీద తిరుగుతూ తాగినా ఆ తేడా అందుతుంది. ఇదంతా విటమిన్-డి మహిమ అనుకోవడం పొరపాటు: ఆ విటమిన్ చర్మంపై పడే అతినీలలోహిత కిరణాల వల్ల, ముఖ్యంగా మధ్యాహ్నపు ఎండలో తయారవుతుంది, ఈ ప్రభావం మాత్రం కంటి ద్వారా కలుగుతుంది. అలాగని సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు.