కువైట్ నుంచి తిరిగొచ్చిన అబ్బాయికి, పన్ను గురించి

చిరంజీవి అబ్బాయికి, కడప నుంచి చిన్నాయన ఆశీర్వదించి రాసేది.

కువైట్‌లో దాచుకున్నది రాజంపేటకు తెచ్చుకుంటే టాక్స్ పడుతుందా అని ఫోన్‌లో అడిగావు. బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ కువైట్ నుంచి వచ్చినవాళ్లు నన్ను ముందు అడిగింది ఇదే. దాచుకున్న డబ్బు ఇక్కడికి పంపినందుకు పన్ను లేదు నాయనా. ఆ డబ్బు సంపాదించిన ఏడాది నువ్వు చట్టం లెక్కలో ఇక్కడివాడివా (రెసిడెంటు), బయటివాడివా (నాన్ రెసిడెంటు) అన్నదాన్నిబట్టే పన్ను. అక్కడే వదిలేస్తే పన్నుండదని చెప్పేవాళ్ల మాట కూడా వినొద్దు. పూర్తి రెసిడెంటువి అయ్యాక ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా ఇక్కడ చూపాల్సిందే.

నువ్వు ఆగస్టులో దిగావు కాబట్టి ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నాటికి ఇక్కడ 182 రోజులు దాటిపోతాయి. ఈ ఏడాదే రెసిడెంటువి. అయినా టెన్షన్ పడొద్దు. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉన్నవాళ్లకు, లేదా గడిచిన ఏడేళ్లలో ఇక్కడ 729 రోజులకు మించి ఉండనివాళ్లకు నాన్ రెసిడెంటుకూ పూర్తి రెసిడెంటుకూ మధ్యలో ఒక మెట్టు ఉంది. దాన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. అందులో ఉన్నంతకాలం కువైట్ డిపాజిట్ మీద అక్కడ వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. నువ్వు పదేళ్లకు పైగా అక్కడే ఉన్నావు కాబట్టి రెండేళ్లు ఖాయం. మూడో ఏడాది సంగతి నువ్వు సెలవులకు వచ్చి ఉన్న రోజులు కలిపితేగానీ తేలదు. అందుకే పాత పాస్‌పోర్టులు పారేయొద్దు, ముద్రలున్న పేజీలన్నీ జిరాక్స్ తీయించు.

కంపెనీ నుంచి ఇండెమ్నిటీ, అదే ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే మొత్తం, ఇంకా రావాలన్నావు కదా. అది నేరుగా ఇక్కడి అకౌంటుకు వేయించుకోకు. మొదట చేతికందింది ఇండియాలోనే అయితే, ఆ మెట్టు మీద ఉన్నవాడికి కూడా పన్ను పడుతుంది. ముందు కువైట్ అకౌంట్లో పడనీ, తర్వాత బ్యాంకు ద్వారానే పంపుకో. ఎవరో హుండీలో, అంటే బ్యాంకుతో పని లేకుండా చేతులు మార్చి పంపే పద్ధతిలో, రేటు ఎక్కువిస్తామంటారు. ససేమిరా వద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు టాక్స్ ఆఫీసువాళ్లు అడిగితే చూపడానికి కాగితం ఉండదు.

స్థిరపడటానికే వచ్చేశావు కాబట్టి, విదేశాల్లో ఉండేవాళ్ల కోసం పెట్టిన ఎన్‌ఆర్‌ఈ అకౌంటు ఇక అలా ఉంచకూడదు. బ్యాంకుకు చెప్పి మామూలు అకౌంటుగానో, ఆర్‌ఎఫ్‌సీగానో మార్పించు. ఆర్‌ఎఫ్‌సీలో డబ్బు విదేశీ కరెన్సీగానే ఉంటుంది, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నన్నాళ్లు దాని వడ్డీకి పన్ను లేదు. నాకైతే అదే మేలనిపిస్తుంది. కోడలి పేరున నీ డబ్బుతో వేసిన ఎఫ్‌డీ ఉందే, దాని వడ్డీ నీ ఆదాయంలోనే కలుపుతారు. ఆమెకు డబ్బిచ్చినందుకు మాత్రం పన్నేమీ లేదు.

ఇల్లు కట్టడానికి చుట్టాలు సాయం చేస్తామన్నారని సంతోషంగా చెప్పావు. కానీ మనం అనుకునే చుట్టరికం వేరు, పన్ను చట్టం ఒప్పుకునే చుట్టరికం వేరు. బావమరిది ఇచ్చినా, మేనమామ ఇచ్చినా ఎంతైనా పన్ను లేదు. అదే మేనమామ కొడుకు ఇస్తే, ఏడాదిలో అలాంటివన్నీ కలిపి 50,000 దాటితే మొత్తం సొమ్ముకూ పన్ను కట్టాలి. స్నేహితుల సంగతీ అంతే. అప్పుగా తీసుకుంటే కాగితం రాసుకో, తిరిగిచ్చేటప్పుడు బ్యాంకు ద్వారానే ఇవ్వు. నీ రూమ్మేటు వాళ్ల నాన్నకు చేర్చమని నీ అకౌంటుకు డబ్బు పంపుతానంటే ఒప్పుకోకు, అది నీకిచ్చిన సొమ్మే అనుకోవచ్చు. నేరుగా ఆయనకే పంపమను.

ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయాక కువైట్‌లో ఇంకా అకౌంటు మిగిలుంటే రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి. రాయకపోతే 10 లక్షల జరిమానా దాకా పోతుంది. 2024 అక్టోబరు నుంచి, స్థలాలూ ఇళ్లూ కాక మిగతావన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయడం లేదు గానీ, రాయాల్సిన బాధ్యత పోలేదు. కువైట్‌లో వ్యక్తుల జీతం మీదా వడ్డీ మీదా పన్ను లేదు కాబట్టి, ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి అక్కడ కట్టిన పన్నంటూ ఏదీ ఉండదు. ఆలోగా ఆ అకౌంటు ఖాళీ చేసుకోవడమే మంచిది.

మార్చి దాటకముందే ఒకసారి కడప రా. పాస్‌పోర్టులు, కువైట్ బ్యాంకు స్టేట్‌మెంట్లు, కోడలి ఎఫ్‌డీ కాగితాలు తీసుకురా. ఇద్దరం కలిసి ఆడిటర్ దగ్గరికి వెళ్దాం.

మీ చిన్నాయన