ఫ్రీగా దిగిన ఫాంట్‌కు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది గుడివాడలో డీటీపీ సెంటర్. ఒక స్వీట్ షాపు బోర్డుకు, డబ్బాలకు పాతకాలపు చేతిరాతలా మెలికలు తిరిగే ఇంగ్లిష్ ఫాంట్ వాడాను. నెట్‌లో ఫ్రీగా దొరికింది. ఎనిమిది నెలల తర్వాత ఒక విదేశీ కంపెనీ మెయిల్ పెట్టింది. కమర్షియల్ లైసెన్స్ లేదట, 400 డాలర్లు కట్టకపోతే కేసు వేస్తారట. అక్షరాలకు కూడా ఓనర్లుంటారా? జైలు దాకా వెళ్తుందా? షాపు ఆయన బోర్డు పీకేయాలా?

జవాబు: ముందు మీరు దించుకున్న జిప్ ఫైలు మళ్లీ తెరవండి. ఫాంట్ పక్కన చిన్న టెక్స్ట్ ఫైలు ఉందేమో చూడండి. దాన్ని ఎవరూ చదవరు, గొడవంతా అక్కడే ఉంటుంది. 'పర్సనల్ యూజ్ ఓన్లీ' అని ఉంటే, ఆ ఫ్రీ మీ ఇంట్లో పుట్టినరోజు కార్డు వరకే. మిఠాయి డబ్బా వ్యాపారమే.

ఇక ఓనరు సంగతి. 'ఎస్' తోక సాగి పేరు కిందంతా గీతలా పాకుతుంది చూశారూ, ఆ వంపు మీద మన దేశంలో కాపీరైట్ నిలబడటం కష్టం. టైప్‌ఫేస్‌ను, అంటే అక్షరాల రూపాన్ని, కళాకృతిగా రిజిస్టర్ చేయడానికి 2002లో కాపీరైట్ బోర్డు ఒప్పుకోలేదు. డిజైన్స్ చట్టం, 2000 కింద ముందే రిజిస్టర్ చేయించుకుంటే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు హక్కు ఉంటుంది.

కానీ ఫాంట్ ఫైలు వేరు. అది సాఫ్ట్‌వేర్ అని కంపెనీలు వాదిస్తాయి. కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్యంలో కలిపేసింది (కవులు ఏమనుకున్నారో మరి!). అందుకే 'అక్షరాలకు ఓనరేంటి' అని ఎదురు మెయిల్ కొట్టకండి.

జైలు గురించి టెన్షన్ వద్దు గానీ, తేలిగ్గానూ తీసుకోవద్దు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. అయితే తెలిసి చేశారని రుజువు కావాలి. నిన్నటిదాకా తెలియదని చెప్పుకోవచ్చు. మెయిల్ చదివాక ఆ మాట చెల్లదు. ఈరోజే ఆ ఫాంట్ వాడటం ఆపండి.

షాపు ఆయన చేతిలో ఉన్నది బొమ్మే, ఫాంట్ ఫైలు కాదు. ఇప్పటికిప్పుడు బోర్డు దించనక్కర్లేదు. ఫ్లెక్స్ ప్రింటర్‌కు డిజైన్‌తో పాటు ఫాంట్ కూడా పంపారా? పంపితే అది ఇంకో కాపీ, తీసేయమని చెప్పండి.

మెయిల్ డిలీట్ చేయొద్దు. తప్పు ఒప్పుకుంటూ జవాబు రాయొద్దు. హక్కు వాళ్లదేననే ఆధారం, లైసెన్స్ ప్రతి, 400 డాలర్ల లెక్క అడగండి. ఆ ఫాంట్ కమర్షియల్ లైసెన్స్ అమ్మకం ధర ఎంతో చూసుకుని బేరమాడండి. కట్టాల్సి వస్తే, గడిచిన వాడకానికీ, మీ కస్టమరుకూ కలిపి ఇక క్లెయిమ్ లేదని రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టండి.

ఇలాంటి మెలికలే కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో 'గ్రేట్ వైబ్స్' ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి బోర్డులకూ, డబ్బాలకూ వాడుకోవచ్చు. ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్మకూడదు.