బెంగళూరులో మొదటి ఏడాది ఇంటి లెక్క

మన వైపు నుంచి కొత్తగా వచ్చిన జంటలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అక్కా, ఇద్దరం సంపాదిస్తున్నాం, అయినా ఇరవయ్యో తేదీకల్లా అకౌంట్ ఖాళీ. ఎక్కడికి పోతోంది?" మారతహళ్లి దగ్గర పద్దెనిమిదేళ్లుగా కాపురం ఉంటున్నాను. వాళ్ల లెక్కలు చూస్తే అద్దె, పాలు, సరుకులు అన్నీ ఉంటాయి. నెలనెలా రాని ఖర్చులే ఉండవు.

ముందు అడ్వాన్స్ సంగతి. ఇక్కడ పది నెలల అద్దె అడగడం పాత అలవాటు. ఇప్పుడు చాలామంది ఐదారు నెలలకు దిగుతున్నారు, మొహమాటపడకుండా బేరమాడండి. పాతిక వేల అద్దెకు ఆరు నెలలంటే లక్షన్నర. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలు. మా మొదటి ఇంట్లో రెండేళ్లున్నాం, గోడ మీద పెన్సిల్ గీత కూడా లేదు. అయినా పట్టుకున్నారు. అగ్రిమెంట్‌లో ఆ మాట ఉంది, మేమే చదవలేదు. మొత్తం తిరిగొస్తుందనుకుని కొత్త ఇంటివాళ్లకు తేదీ చెప్పేశాం. ఆ వారం పడ్డ టెన్షన్ మీకు వద్దు. ఆ ఒక నెల అద్దె పోయినట్టే ఇప్పుడే రాసుకోండి.

ఊరి నుంచి బండి తెచ్చుకున్నారా? పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి టాక్స్ కట్టాలి. కారైతే అది చిన్న మొత్తం కాదు. ఎండాకాలం బోర్లు ఎండితే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. 2024 వేసవి చూసినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. సంక్రాంతికి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే నవంబరులోనే డబ్బు కావాలి. అప్పుడు వదిలేస్తే పండగ ముందు ప్రైవేటు బస్సువాళ్లు చెప్పిందే రేటు.

నేను చేసేది ఇది. డైరీలో పన్నెండు నెలల పేర్లు వరసగా రాసి, ఏ నెలలో ఏం పడుతుందో పక్కనే వేస్తాను. స్కూలు ఫీజు 90,000, ఇన్సూరెన్స్ 24,000, ఊరి ప్రయాణాలు 30,000, నీళ్లు, బండి రిపేర్లకు 12,000 అనుకుందాం. మొత్తం 1,56,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 13,000. జీతం పడిన మర్నాడే అది వేరే అకౌంట్‌కు దానంతటదే వెళ్లిపోవాలి. ఆ అకౌంట్‌ను ఫోన్‌పేకి కలపకండి.

అమ్మానాన్నలకు పంపేది కూడా ఈ లెక్కలోనే, భార్యాభర్తలిద్దరి ఎదుటా రాయండి. దాచి పంపిన రెండు వేల మీదే ఇంట్లో పెద్ద గొడవలు అవుతాయి.

మధ్యలో మొదలుపెట్టేవాళ్లు పన్నెండుతో భాగించకండి. జూన్ ఫీజుకు జనవరిలో మొదలుపెడితే చేతిలో ఉన్నవి ఐదు జీతాలే, ఒక్క ఫీజుకే నెలకు 18,000 తీయాలి. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. ఆ ఐదు నెలలూ కొత్త సోఫా, టీవీ ఈఎంఐలు పెట్టుకోకండి.