పాలు మాన్పించినా పంది ఎదకు రాకపోతే ఇంజెక్షన్ వేయాలా?

ప్రశ్న: మాది కుప్పం వైపు. బెంగళూరు పక్కన హోస్కోటెలో స్థలం లీజుకు తీసుకుని యార్క్‌షైర్ క్రాస్ పందులు పెంచుతున్నాం. 18 తల్లి పందులున్నాయి. వైట్‌ఫీల్డ్ హోటళ్లు, పీజీ హాస్టళ్ల నుంచి తెచ్చే వేస్టేజీయే మేత. మొదటి ఈత పిల్లలకు పాలు మాన్పించి నెల దాటినా ఏడు పందులు ఎదకు రాలేదు. 9 నెలల పడ్డలు నాలుగు కూడా అంతే. ఆవులకు వేసే ప్రొస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ రెండు పందులకు వేయించాం, లాభం లేదు. పోతు పక్క దొడ్లోనే ఉంటుంది. హార్మోన్ ఇంజెక్షన్లలో ఏది వేయించాలి? ఈనేటప్పుడు ఆక్సిటోసిన్ ఇస్తే మంచిదేనా?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: ముందు ఆ ప్రొస్టాగ్లాండిన్ సంగతి తేల్చేద్దాం. అండం విడుదలైన చోట అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం పశువు మళ్ళీ ఎదకు రాదు. ఆవులో అయితే ఎద తర్వాత 5, 6 రోజులకే ఆ గడ్డ ఈ మందుకు కరిగిపోతుంది. పాడి రైతులకు ఆ ఇంజెక్షన్ మీద అంత గురి అందుకే. పందిలో సుమారు 12 రోజుల దాకా ఆ గడ్డ మందుకు లొంగదు, 15, 16 రోజులకేమో దానంతట అదే కరగడం మొదలవుతుంది. ఇక మనం వేసి సాధించేదేముంది? ఎద చక్రమే మొదలుకాని పందిలో అయితే కరగడానికి గడ్డే ఉండదు. పైగా పందికి చూడి మొదటి నుంచి చివరి దాకా ఆ గడ్డ మీదే నిలుస్తుంది. మీ కన్నుగప్పి పోతు దాటి చూడి కట్టిన పందికి ఈ ఇంజెక్షన్ పడితే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. ఆ ఏడింటిలో దేనికైనా అలాంటి అనుమానం ఉంటే, దాటిందనుకున్న రోజు నుంచి నెల గడిచాక స్కానింగ్ చేయించండి. అప్పటిదాకా ఏ హార్మోనూ వద్దు.

అసలు చిక్కు మీ మేత బకెట్‌లో ఉందని నా అనుమానం. పది పిల్లలకు పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 5 కిలోల పొడి దాణా కావాలి, అందులో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉండాలి. హోటల్ వేస్టేజీలో ముప్పావు వంతు నీళ్లే. 12 కిలోల బకెట్ పోస్తే పందికి దక్కే ఎండు మేత 3 కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం అన్నమే. మొదటి ఈత పంది ఇంకా ఎదిగే వయసులోనే ఉంటుంది. తన ఎదుగుదలకు, పాలకు రెండింటికీ చాలక ఒంట్లో ఉన్నది కరిగించి పాలిస్తుంది. అలా చిక్కిపోయాక అండాశయాలు పని ఆపేస్తాయి. మంచి కండలో ఉన్న తల్లి పాలు మాన్పించిన 4 నుంచి 7 రోజుల్లో ఎదకు వస్తుంది. మీ పందుల తుంటి మీద అరచేయి పెట్టి చూడండి. నొక్కకుండానే ఎముక తగిలితే అది ఇంజెక్షన్‌తో తీరే సమస్య కాదు.

ఈనిన రోజు నుంచి మళ్ళీ దాటించే దాకా వేస్టేజీకి తోడు రోజుకు ఒకటిన్నర నుంచి 2 కిలోల దాణా వేయండి. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, మినరల్ మిక్చర్ కలిపింది చాలు. పిల్లలకు 6 వారాలు నిండగానే పాలు మాన్పించండి. బూజు పట్టిన జొన్నలు, బేకరీలు వదిలించుకునే పాచి బ్రెడ్ జోలికి పోవద్దు. గింజలకు పట్టే కొన్ని బూజుల్లో ఉండే ఒక విషం ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది. మానం వాచి ఎర్రగా ఉంటుంది గానీ పోతును దగ్గరికి రానివ్వదు, రైతు ఎద అనుకుని మోసపోతాడు. వేస్టేజీని మరిగించి చల్లార్చే పెట్టాలి, స్వైన్ ఫీవర్ ఒక్కసారి దొడ్లో జొరబడితే ఎద గురించి ఆలోచించే పనే ఉండదు. బెంగళూరు చల్లని ఊరన్నది పేరుకే. ఏప్రిల్‌లో రేకుల కింద పంది పడే అవస్థ మీరు చూస్తూనే ఉంటారు. వేడికి మేత తగ్గిస్తుంది, ఎదా తప్పుతుంది. రేకుల మీద కొబ్బరి మట్టలు కప్పి, మధ్యాహ్నం మెడ మీద నీళ్లు పడేలా చూడండి.

పోతు పక్క దొడ్లోనే ఉందన్నారు. అదే తప్పు. రోజంతా ఆ వాసనే వస్తుంటే ఆడవాటికి అలవాటై పట్టించుకోవు. పోతును దూరంగా కట్టేసి, రోజూ పొద్దున, సాయంత్రం 10, 15 నిమిషాలు మూతికి మూతి తగిలేలా తీసుకురండి. 10 నెలలు దాటిన పోతు అయితేనే ఫలితం, ఎందుకంటే ఎదను రేపేది దాని నోటి నురగలో ఉండే వాసన. పోతు ఎదురుగా ఉన్నప్పుడే ఆడదాని నడుము మీద రెండు చేతులతో గట్టిగా నొక్కండి. చెవులు నిక్కబొడుచుకుని, కాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడితే అదే ఎద. మొదట నిలబడిన 12 గంటలకు ఒకసారి, మరో 12 గంటలకు ఇంకోసారి దాటించాలి. మీ పడ్డలకు ముందు ఇదే చేయండి, వరుసగా మూడు వారాలు. ఎద చక్రం 21 రోజులు కాబట్టి, మీరు గమనించని మూగ ఎద ఉంటే ఈలోగా బయటపడుతుంది.

ఇంత చేశాకా రానివాటికి హార్మోన్ వేయించవచ్చు. పీఎంఎస్‌జీ 400 యూనిట్లు, హెచ్‌సీజీ 200 యూనిట్లు కలిపి ఒకే ఇంజెక్షన్. మొదటిది చూడి గుర్రం రక్తం నుంచి, రెండోది గర్భిణుల మూత్రం నుంచి తీసేది. పడ్డకు ఐదున్నర నెలలు దాటి, 85 కిలోల బరువుండి, ఇంతవరకూ ఎదకు రానిదైతేనే వేయాలి. ఎద చక్రం నడుస్తున్న పడ్డకు వేస్తే అండాశయంలో నీటి బుడగలు రావచ్చు. తల్లి పందికైతే పాలు మాన్పించిన రోజే సరైన అదను. మీ ఏడింటికీ ఆ అదను దాటింది గనుక మూడు వారాలు బాగా మేపి, కండ పట్టాక వేయించండి. సుమారు వారంలోపు ఎద కనిపించాలి. అన్నీ రావు, వచ్చిన వాటిలోనూ కొన్ని చూడి కట్టకపోతే తిరగపొర్లవు, అంటే మళ్ళీ ఎదకు రావు. కాబట్టి ఆ ఎదను వదలొద్దు. మందును ఫ్రిజ్‌లోనే ఉంచాలి. చెవి వెనక మెడ కండలోకి, పెద్ద పందికైతే అంగుళంన్నర సూదితో వేయాలి. పొట్టి సూదితో వేస్తే మందు కొవ్వులోనే ఉండిపోతుంది, డబ్బు దండగ. దీనికీ లొంగని పడ్డను ఇంకో డోసు పేరుతో మేపకండి, మాంసానికి అమ్మేయండి.

మేతలో కలిపే ఆల్ట్రెనోజెస్ట్ గురించి ఎవరైనా చెబితే, అది ఎద చక్రం నడుస్తున్న పడ్డలన్నింటినీ ఒకేసారి ఎదకు తెచ్చే మందు, మీ సమస్యకు పనికిరాదు. ఇదీ, ప్రొస్టాగ్లాండిన్ కూడా చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. గర్భిణులు వాటిని ముట్టుకోకూడదు, ఉబ్బసం ఉన్నవాళ్లు ప్రొస్టాగ్లాండిన్‌కు దూరంగా ఉండాలి, మిగతావాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

దాటాక తరచూ తిరగపొర్లుతుంటే, లేక ఈసుకుపోతుంటే హార్మోన్ల వైపు చూడకుండా, చూడి పోగొట్టే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి పరీక్షకు రక్తం ఇవ్వండి. హెబ్బాళ్‌లోని పశు ఆరోగ్య, వెటర్నరీ బయోలాజికల్స్ సంస్థ మీకు దగ్గరే.

ఇక ఆక్సిటోసిన్, అంటే గర్భసంచిని ముడుచుకునేలా చేసి పిల్లను బయటికి నెట్టించే హార్మోన్. ఈత మొదలు కాకముందు ఎప్పుడూ వద్దు. కొన్ని పిల్లలు పుట్టాక ముక్కడం ఆగి 40 నిమిషాలు దాటితే, ముందు సబ్బుతో కడిగి గ్లవ్స్ తొడిగిన చేతితో దారిలో పిల్ల అడ్డం పడిందేమో డాక్టరు చేత చూపించాలి. దారి ఖాళీగా ఉంటేనే 10 యూనిట్లు. సీసాలో ఒక మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లున్నాయో చదివి కొలవండి, అన్ని సీసాలూ ఒకేలా ఉండవు. తొందరపడి ఎక్కువ వేస్తే గర్భసంచి బిగుసుకుపోయి, బొడ్డుతాడు నలిగి, లోపలి పిల్లలు ఊపిరాడక చచ్చి పుడతాయి.