గ్యాస్ నింపారు సరే, జాబ్‌షీట్ ఏది?

ప్రశ్న: 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ 41,000 రూపాయలకు కొన్నాం. మేం ఉండేది ఖమ్మంలో. ఏడాది వారంటీ. రెండు నెలలకే చల్లదనం తగ్గితే, జూన్‌లో కంపెనీ టెక్నీషియన్ వచ్చి గ్యాస్ నింపాడు. 2024 మార్చిలో మళ్లీ అదే తంతు. అప్పుడు 2,500 తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు. మొన్న 2025 ఏప్రిల్‌లో కూలింగ్ కాయిల్ లీకని, వారంటీ అయిపోయిందని, 14,000 అవుతుందని అన్నారు. గుండె జబ్బున్న నాన్న ఎండకు అల్లాడిపోతున్నారు. వీధిలో మెకానిక్ 8,000కే కాయిల్ మారుస్తానంటున్నాడు. మార్పించి, తర్వాత కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: కాయిల్ మార్పించకండి. ఊడదీసిన కాయిల్ మెకానిక్ సంచిలో వెళ్లిపోయిందంటే మీ సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. బయటివాళ్లు విప్పడం వల్లే చెడిపోయిందని కంపెనీ వాదిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు.

ఈ కేసును తేల్చేది నాన్నగారి ఆరోగ్యం కాదు, 2023 జూన్ నాటి ఆ ఒక్క సర్వీసు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. కొన్న రెండు నెలలకే గ్యాస్ నింపారంటే, లోపం వారంటీలోనే ఉందని కంపెనీ చేతల్లోనే ఒప్పుకుంది. లీకు వెతికేవాళ్లు నైట్రోజన్‌తో ప్రెషర్ పెడతారు, జాయింట్లకు సబ్బునురగ రాస్తారు, గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి వాక్యూమ్ చేస్తారు, ఆపైన నేమ్‌ప్లేట్ మీదున్న బరువు ప్రకారం గ్యాస్ తూచి ఎక్కిస్తారు. ఇవేవీ చేయకుండా పైపైన నింపి వెళ్లడం సేవాలోపం.

అయితే దీన్ని రుజువు చేసే కాగితం ఏది? రసీదు లేకుండా 2,500 ఎలా ఇచ్చారు? చేసిన పని రాసిచ్చే జాబ్‌షీట్ అడగకుండా మనిషిని గుమ్మం ఎలా దాటనిచ్చారు? ఇది మీ అజాగ్రత్తే. ఇప్పుడైనా కంప్లైంట్ నంబర్లతో వచ్చిన ఎస్ఎంఎస్‌లు, కంపెనీ యాప్‌లోని సర్వీస్ హిస్టరీ, యూపీఐ చెల్లింపు వివరాలు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా పెట్టేందుకు ఇచ్చే ధ్రువపత్రం, జత చేయండి. పాత జాబ్‌షీట్ల నకళ్లు ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వకపోతే ఆ మౌనాన్ని కూడా వినియోగదారుల కమిషన్‌కు చూపించవచ్చు.

మీరు ఫిల్టర్లు కడగలేదని కూడా కంపెనీ అంటుంది. దుమ్ము పట్టిన ఫిల్టర్ వల్ల కూడా కాయిల్ మీద మంచు కడుతుంది, కానీ అప్పుడు గాలి విసురు తగ్గుతుంది. ఫిల్టర్ కడిగాక గాలి బాగా వస్తున్నా చల్లదనం లేకపోవడం, జాయింట్ల దగ్గర నూనె మరకలు కనిపించడం లీకు గుర్తులు. వాటిని తేదీ పడేలా వీడియో తీయండి. ఇండోర్ యూనిట్ నుంచి నీరు కారడాన్ని మాత్రం ఫిర్యాదులో కలపకండి. అది చాలాసార్లు డ్రెయిన్ పైపు పూడుకుపోవడమే.

గడువు మాట వినండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి కారణం, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ఈ ఏప్రిల్‌లో నిరాకరించిన తేదీ నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. కానీ 2023 జూన్ నుంచే లెక్కించాలని అవతలివాళ్లు పట్టుబడతారు. కాబట్టి 2025 జూన్‌లో ఆ తేదీ రాకముందే వేసేయండి. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి మాఫీ కోరాలి. అది కమిషన్ విచక్షణ.

మీరు నివసించే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. దుకాణదారుణ్ణీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే బిగింపు లోపమని ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద నిపుణుడి పరీక్ష కోరుతూ దరఖాస్తు కూడా పెట్టండి.

ఈలోపు నాన్నగారి కోసం ఒక ఏసీ అద్దెకు తీసుకోండి, రసీదుతో. ఆ అద్దె, 2,500, ఏసీ ధర వాపసు లేదా ఉచితంగా కాయిల్ మార్పు, పరిహారం అడగండి. ఆయన వైద్య పత్రాలు జతచేయాల్సింది ఈ పరిహారం పద్దు కిందే.