పులిహోర పళ్లెం ముందు ఒక చీటీ

“అక్కా, మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీకి వచ్చి రెండు నెలలైంది. నేను శాకాహారిని. ఇక్కడ శాకాహారం గురించి, పాలూ గుడ్లూ కూడా లేని వీగన్ తిండి గురించి నలుగురికీ చెప్పేవాళ్లతో కలిసి ఏదైనా చేయాలని ఉంది. ఎవర్ని కలవాలి? వీసాకి ఇబ్బంది అవుతుందా? నాకు ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం రాదు. పనికొస్తానా?”

నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తానమ్మా, ఎందుకంటే చాలామంది ఆ భయంతోనే ఆగిపోతారు.

1888లో గాంధీ చదువు కోసం లండన్ వచ్చాడు. అప్పటికి మాంసం ముట్టనిది తల్లికిచ్చిన మాట కోసమే. లండన్‌లో ఒక శాకాహార హోటల్ దొరికాక, అక్కడ కొన్న ఒక చిన్న పుస్తకం చదివాక, తనంతట తానుగా శాకాహారి అయ్యానని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత అక్కడి శాకాహార సంఘం కార్యవర్గంలో చేరాడు. కానీ సమావేశాల్లో నోరు పెగిలేది కాదు. డాక్టర్ ఆలిన్సన్ అనే సభ్యుణ్ణి, సంతాన నియంత్రణను సమర్థించాడని సంఘంలోంచి తీసేయాలని తీర్మానం వచ్చింది. గాంధీకి అది తప్పనిపించింది. లేచి మాట్లాడలేక, చెప్పాలనుకున్నది కాగితం మీద రాసుకెళ్లాడు. చదవడానికీ ధైర్యం చాలక ఇంకొకరి చేత చదివించాడు. ఆ వాదన నెగ్గలేదు, అయినా తాను నిలబడింది న్యాయం వైపేనన్న తృప్తి ఆయనకు మిగిలింది. కాబట్టి మాట రాదని వెనకాడకు. ఈ పనిలో మాటల కన్నా ఉల్లిపాయలు తరిగే చేతులకే ఎక్కువ కొరత.

ఇక వీసా సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డిగ్రీ, ఆపై చదువులకి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలని నీకు తెలుసు. తెలియనిది ఇది: జీతం లేని పనిని కూడా ఇక్కడివాళ్లు రెండు రకాలుగా చూస్తారు. ఒప్పందం రాసుకుని, ఈ రోజు ఈ గంటలకి రావాల్సిందే అని కట్టుబడి చేసేది ‘వాలంటరీ వర్క్’. అది ఆ 20 గంటల్లోకే వస్తుంది. ఒప్పందం లేకుండా, జీతం కానీ దాని బదులు వస్తువులు కానీ తీసుకోకుండా, ఒక ఉద్యోగి చేయాల్సిన పనిని వాళ్ల బదులు చేయకుండా వీలున్నప్పుడు సాయపడేది ‘వాలంటీరింగ్’. అది లెక్కలోకి రాదు. బస్సు చార్జీల్లాంటి ఖర్చులు తీసుకోవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు, రసీదు దాచుకో. నువ్వు కేఫ్‌లో 18 గంటలు చేస్తూ ఒక చారిటీ షాపులో 4 గంటల షిఫ్టుకి సంతకం పెడితే 22 అయినట్టే. తెలిసినవాళ్ల హోటల్ వాళ్లు మేళాలో స్టాల్ పెట్టి, “ఊరికే సాయం చెయ్యమ్మా, భోజనం పెడతాం” అంటే అది అసలు వాలంటీరింగే కాదు. నువ్వు చేరబోయే పని ఏ రకమో మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగాన్ని ఈమెయిల్లో అడుగు. జవాబు రాతపూర్వకంగా నీ దగ్గర ఉండాలి.

ఎవర్ని కలవాలంటావు. నువ్వు దిగిన ఊరే ఈ విషయంలో పాత ఊరు. పక్కనున్న సాల్ఫర్డ్‌లో 1809లోనే ఒక చిన్న చర్చి పాదిరి తన సంఘంవాళ్లను మాంసం మానమన్నాడు. ఆ చర్చికి చెందిన జోసెఫ్ బ్రదర్టన్ సాల్ఫర్డ్ ఎంపీ అయ్యాడు. 1847లో రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ పుట్టిన సభకు అధ్యక్షుడు ఆయనే. ఇక ‘వీగన్’ అనే మాట పుట్టింది 1944లో. డోనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం మాస్టారు, మరికొందరు కలిసి ‘వెజిటేరియన్’ మాటలో తలా తోకా పట్టుకుని ఆ మాట చేశారు. పాలు, గుడ్లు కూడా వదిలేసినవాళ్లకి వేరే పేరు కావాలని. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్లు కొందరు ఇక్కడికి రాగానే “శాకాహారం మా దేశం నేర్పింది” అని మొదలుపెడతారు. ఇక్కడివాళ్లు తమ దారిలో తాము ఆలోచించి, నవ్వులపాలై కూడా నిలబడినవాళ్లు. వాళ్ల పనిలో చేయి వేయడానికి వెళ్తున్నావు, ఆ గౌరవంతో వెళ్లు.

మొదటి మెట్టుగా యూనివర్సిటీలో వెజ్ సొసైటీ కానీ వీగన్ సొసైటీ కానీ ఉందేమో చూడు. ఆ తర్వాత గురుద్వారా. అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, లంగర్, శాకాహారమే, ఎవరైనా తినొచ్చు, ఎవరైనా వడ్డించొచ్చు. తలకి గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి, “సేవ చేస్తాను” అంటే చాలు, పది నిమిషాల్లో చేతికి పని ఇస్తారు. వందల మందికి వండే పద్ధతి, గిన్నెలు తోమే వరస, వృథా కాకుండా వడ్డించే కొలత, ఇవన్నీ నేను నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాత జనవరిలో నెలంతా వీగన్ తిండి తిని చూడమనే వీగన్యురీ రోజులు, మేలో శాకాహార వారం, నవంబరు 1న ప్రపంచ వీగన్ దినం, ఆ సమయాల్లో లైబ్రరీ నోటీసు బోర్డుల మీద, కమ్యూనిటీ హాళ్ల దగ్గర పిలుపులు కనిపిస్తాయి. వీధిలో నిలబడి వీడియోలు చూపించే బృందాలూ ఉన్నాయి. అది వాళ్ల పద్ధతి, తప్పుపట్టను. కానీ నా అనుభవంలో మనం బాగా చేయగలిగింది తినిపించడం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. వస్తానని చెప్పి రాకపోవడం ఇక్కడ పెద్ద తప్పు. మనూళ్లో “చూస్తానండీ” అంటే రానని అర్థం, అందరికీ తెలుసు. ఇక్కడ “చూస్తాను” అంటే వస్తావని నీ పేరు జాబితాలో రాసేసుకుంటారు. కుదరకపోతే “కుదరదు” అని ఆ రోజే చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు వంటింటికి వద్దాం. నేను తప్పులు చేసింది ఇక్కడే.

పదకొండేళ్ల కిందట ఒక హాల్లో శనివారం భోజనాలకి నేను పులిహోర ఒప్పుకున్నాను. మన అలవాటే, రాత్రి పదింటికి అన్నం వార్చి, పళ్లేల్లో ఆరబోసి, చింతపండు గుజ్జు కలిపి, తెల్లార్లూ గట్టు మీద మూతపెట్టి ఉంచాను. పొద్దున్నకి పులుపు బాగా పట్టి ఘుమఘుమలాడుతోంది. హాల్ వంటగది చూసుకునే ఆవిడ “ఎప్పుడు వండారు?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ ఇంకో మాట లేకుండా ఎనభై మందికి సరిపడే పులిహోరని చెత్తసంచీలో వంపేసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆవిడే కూర్చోబెట్టి వివరించింది. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి వండినా చావదు, అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే విషం పుట్టిస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నాన్ని గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒక రోజులోపు తినేయాలి. వేడిగా వడ్డించేది 63 డిగ్రీలకి తగ్గకూడదు, చల్లగా వడ్డించేది 8 డిగ్రీలు దాటకూడదు. చింతపండు పులుపుకి పాడవదని మన నమ్మకం. తెలియని ఎనభై మంది కడుపులని ఆ నమ్మకం మీద వదిలేయలేం. ఫుడ్ హైజీన్ లెవెల్ 2 అని ఒక చిన్న కోర్సు ఉంటుంది, ఇంట్లో కూర్చుని కొన్ని గంటల్లో పూర్తవుతుంది. అది చేసి రా, వంటగదుల్లోకి నిన్ను రానివ్వడం తేలికవుతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ మరుసటి ఏడు ఒకావిడ నా స్టాల్ ముందు ఆగి, “ఇందులో మస్టర్డ్ ఉందా?” అంది. నా కళ్ల ముందు మెదిలింది సీసాలో వచ్చే ఆ పసుపుపచ్చ ముద్ద. “లేదండీ” అన్నాను. ఆవిడ పళ్లెం తీసుకుని, చెంచా ముంచి, ఆగింది. అన్నంలో నల్లటి గింజ ఒకటి చెంచా అంచుతో పక్కకి జరిపి, “ఇదేమిటి?” అని అడిగింది. ఆవాలు! పోపులో గుప్పెడు వేశాను. ఆవిడకి ఆవాలు పడవట, గొంతు వాచిపోతుందట. పళ్లెం మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఈ దేశంలో తప్పనిసరిగా చెప్పాల్సినవిగా 14 పదార్థాలు రాసిపెట్టారు. మన వంటలో ఆవాలు, నువ్వులు, వేరుశనగ, జీడిపప్పు, గోధుమ, పాలు అన్నీ అందులో ఉన్నాయి. డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుస్తుందని మనలో ఎంతమంది చూస్తాం? చిన్న చారిటీ భోజనానికి చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నది పక్కన పెట్టు, ప్రతి గిన్నె ముందూ చీటీ పెట్టు. ‘వెజ్’ అన్న ఒక్క మాట చాలదు. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లు, మన దగ్గర అంటే తిననివాళ్లు. వీగన్ అంటే నెయ్యి, పెరుగు, తేనె కూడా లేనిది. మనవాళ్లు “పూర్తిగా వీగనే” అంటూ దింపే ముందు చెంచాడు నెయ్యి వేసేస్తారు, అది నెయ్యి అని తోచదు, అలవాటు. సంతోషించాల్సిన సంగతి ఏంటంటే, మనకి కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. నూనె పోపుతో గోంగూర పప్పు, గుత్తివంకాయ, పెసరట్టు, ఇడ్లీలోకి పల్లీ పచ్చడి, నువ్వుండలు, ఇవన్నీ ముందునుంచీ వీగనే. సోయా ముక్కలతో మాంసం రుచి తెప్పించడానికి తిప్పలుపడే బృందాలకి మన పప్పు ఒక్కసారి వడ్డించి చూడు.

ఇక కష్టమైన మాట. నవంబరు అంటే మనకి కార్తీకం. నవంబరులో జరిపే వీగన్ నెలా, కార్తీక మాసమూ చాలా ఏళ్లు కలిసే వస్తాయి. వనభోజనాలు పెట్టి ఇంగ్లీషువాళ్లని పిలుద్దామని ఉత్సాహంగా అంటారు. ఈ వానలో చెట్టు కింద కుదరదు కాబట్టి హాల్లో అయినా, మంచి ఆలోచనే. కానీ మన ఊళ్లలో వనభోజనాలు ఎలా తయారయ్యాయో నీకూ తెలుసు. ఏ కులం వాళ్ల బస్సు ఆ కులానిది. ఆ జాడ ఇక్కడికి తీసుకురావద్దు.

ఒకసారి మా వంటలో ఒక తెలంగాణ అబ్బాయి వచ్చి రెండు గంటలు ఉల్లిపాయలు తరిగాడు. అప్పటికి ఆరు నెలల కిందటే మాంసం మానేశాడు. కోళ్ల ఫారం చూసొచ్చి మానేశానని చెప్పాడు. మనవాళ్లలో ఒకాయన, “మా ఇంట్లో అయితే తరతరాలుగా ముట్టరు. మీ ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు?” అన్నాడు. అడిగింది ఏంటో అందరికీ అర్థమైంది. ఆ అబ్బాయి కళ్లు తుడుచుకుంటూ తరగడం పూర్తి చేశాడు, మళ్లీ రాలేదు. నేను పక్కనే ఉండి ఏమీ అనలేదు. అది నా మనసులో ఇంకా ముల్లులా ఉంది. 2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. ఆంధ్రలోనూ దాదాపు అంతే. మనవాళ్లలో ఎవరైనా కొత్తగా ఈ వైపు వస్తే ఆ 98 మందిలోంచే రావాలి. పుట్టుకతో తిననివాళ్లకి ఇందులో గొప్ప ఏమీ లేదు, నాకూ లేదు. ఎంచుకుని మానినవాళ్లదే కష్టం. అలాంటి మాట మళ్లీ ఎవరైనా అంటే, అక్కడికక్కడే “ఇక్కడ ఆ ప్రశ్న అడగం” అని చెప్పు. చిన్నదానివని ఊరుకోవద్దు.

తెలుగు సంఘం ఉగాది వేడుకల్లోనూ నీ అవసరం ఉంటుంది. బిర్యానీ తీసేయమని అడగొద్దు. గొడవ తప్ప ఏమీ మిగలదు. విడిగా ఒక బల్ల, విడి గరిటెలు, వరసలో ముందు చోటు, ఈ మూడూ అడుగు. వరస చివర ఉంటే అప్పటికే పళ్లేలు నిండిపోయి ఉంటాయి.

వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తారన్నావు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు కూడా రిజిస్టరైన చారిటీకి మొత్తం 30 రోజులు మించకుండా సాయం చేయొచ్చు. ఆరు నెలలు నాలుగు గోడల మధ్య విసుగెత్తే పెద్దవాళ్లకి అదెంత ఊరటో నేను చూశాను. అమ్మగారి చేత పోపు పెట్టించు. చీటీ మాత్రం నువ్వే రాయి, నల్ల మార్కర్‌తో, పెద్ద అక్షరాల్లో, హాళ్లలో వెలుతురు తక్కువ ఉంటుంది. నాది ఇలా ఉంటుంది, దీన్నే ఇంగ్లీషులో రాసి పెట్టుకో:

చింతపండు పులిహోర. వీగన్. ఆవాలు ఉన్నాయి. వేరుశనగ ఉంది. ఇంగువలో గోధుమ ఉంది. పాలు, నెయ్యి, గుడ్డు లేవు. ఈ రోజు పొద్దున వండినది. సందేహం ఉంటే అడగండి, తెలియకపోతే తెలియదనే చెప్తాం.